తాళంచెవి సైదులుది, మెట్లు మామయ్యవి

"నేను ఇంట్ల లేను," అన్నాడు నర్సింహ, తన ఇంటి వరండాలో, తన పడక్కుర్చీలో కూర్చునే.

గేటు బయట నిలబడ్డ మట్టయ్యకు ఏం చెయ్యాలో తోచలేదు. కోర్టు నోటీసులు అందించే అమీనా అతను. ఒక చేతిలో నోటీసు, ఇంకో చేతిలో మైదా లై ఉడికించి పోసుకొచ్చిన డాల్డా డబ్బా.

"మీరే లేనంటే ఎట్ల పటేలా? మరి గీ మాట్లాడేదెవరు?"

"గది నీకెందుకు? ఇంట్ల లేడని రాసుకొని పో."

"గా కుర్చీల ఎవరో ఉన్నరని గూడ రాసుకోవాలెనా?"

పక్కింటి మేడ మీద బట్టలారేస్తున్న కౌసల్యమ్మ చేతిలో తడి చీర అలాగే ఆగిపోయింది. ఎల్.బి. నగర్‌లో ఆ కాలనీ లేచి ఎంతో కాలం కాలేదు. మొన్నటిదాకా ద్రాక్షతోటలున్న నేల అది. ఇళ్లు ఇంకా దూరదూరంగానే ఉన్నాయి గాని, మాటలు మాత్రం ఇప్పటికే ఈ చివర నుంచి ఆ చివరకు పోతున్నాయి.

లోపల గదిలో అండాలు తెల్లచీర కుచ్చిళ్లు సర్దుకుంటూ అంతా వింటోంది. ఆ నోటీసు కింద సంతకం ఆమెదే. వాది సైదులు, ప్రతివాది నర్సింహ, వాది తరపు వకీలు నర్సింహ కోడలు. కోర్టు పుట్టినప్పటి నుంచీ ఒకే ఇంటి గేటుకు ఇంత పని పడి ఉండదు.

"నువ్వు పోయి ఒక్క మాట చెప్పరాదు?" అంది భర్తతో.

జనార్ధన్ గడ్డానికి సగం నురగతో అద్దంలోంచే జవాబిచ్చాడు. "నేను షేవింగ్ చేసుకుంటున్న."

"గంట సంది చేసుకుంటనే ఉన్నవు."

"ఇయ్యాల గడ్డం జర గట్టిగున్నది."

బ్యాంకులో ఎంత పెద్ద పార్టీకైనా అప్పు లేదని మొహం మీదే చెప్పగల ఆఫీసరు, తండ్రికీ భార్యకూ మధ్య మాత్రం బ్లేడు దించడు.

వరండాలోంచి నర్సింహ గొంతు వినిపించింది. "అనంతమ్మా! నీ కోడలుకు చెప్పు. నోటీసు తీసుకునే మనిషి దొరకడని."

నాలుగు రోజులుగా ఇదే తంతు. మామ మాట అత్త ద్వారా కోడలికి, కోడలి మాట అత్త ద్వారా మామకు. మధ్యలో అనంతమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలా కూర్చుని ఇటు వైరు అటు తగిలిస్తోంది.

"అత్తమ్మా, మామయ్యకు చెప్పండి," అంది అండాలు కిటికీ దగ్గరికొచ్చి. "తీసుకోనంటే తలుపుకు అంటించి పొమ్మన్నది చట్టం. అంటిస్తే అందినట్టే."

"విన్నరా?" అంది అనంతమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

"నాకేం వినబడలే," అన్నాడు నర్సింహ. అంతలోనే లేచి నిలబడ్డాడు. "సింహద్వారానికి కోర్టు కాయితమా! లక్ష్మి వచ్చే తోవ అది. వద్దంటే వద్దు. అటు దక్షిణం దిక్కు బాత్‌రూం గోడకు అంటియ్యమను."

"అత్తమ్మా, పదిమందికి కనబడే చోట అంటించాలె. బాత్‌రూం గోడ చెల్లదు."

"బాత్‌రూం గోడ చెల్లదంట."

"గేటు దిమ్మెకు?" అడిగాడు మట్టయ్య మధ్యేమార్గంగా. లై ఆరిపోతుందని అతని దిగులు.

దిమ్మె మీద ఎవరికీ అభ్యంతరం కనిపించలేదు. మట్టయ్య వేళ్లతో లై పులిమి కాగితం అంటించాడు. ఒక మూల పైకి పోయింది. ఇంకో మూల జారింది.

నర్సింహ చూశాడు. మొహం తిప్పుకున్నాడు. మళ్లీ చూశాడు. ముప్ఫయి ఏళ్లుగా మేస్త్రీల నెత్తిన నిలబడి గోడలు కట్టించిన మనిషి.

"వంకర పోతున్నది రా."

"పోనీ పటేలా, చదివేటోళ్లు తలకాయ వంచి చదువుకుంటరు."

"పోనీ ఏంది? నా గేటుకు వంకర కాయితమా! ఎడమ దిక్కు దించు. అది ఎడమనా? ఇంకా... ఛీ, ఇటు తే!"

మెట్లు దిగి వచ్చాడు. కాగితాన్ని రెండు చేతులా ఊడదీశాడు. దిమ్మె అంచుకు సమంగా పెట్టి, అరచేత్తో నాలుగు మూలలూ ఒత్తి, వెనక్కి జరిగి, కన్ను చికిలించి చూసుకున్నాడు. "గట్లుండాలె," అన్నాడు.



మట్టయ్య డాల్డా డబ్బాకు మెల్లగా మూత పెట్టాడు. "చేతికి ముట్టింది పటేలా. ఇంక అంటించినట్టు గాదు, స్వయంగ తీసుకున్నట్టే. ఒస్త మరి. గా మేడ మీది అమ్మ సాక్షి."

మేడ మీద కౌసల్యమ్మ తడి చీర వెనక్కి మాయమైంది. అనంతమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. లోపల జనార్ధన్‌కు నవ్వాగక గడ్డం తెగింది.

నర్సింహకు చేతులు చూసుకుంటే లై అంటుకుని ఉంది.

అతని లెక్క అంతా ఈ నోటీసు మీదే ఉంది. నోటీసు అందలేదంటే కేసు వాయిదా పడుతుంది. రేపు సాయంత్రం టెలిఫోన్ డిపార్ట్‌మెంటు వాళ్లు సైదులు అద్దెకు తీసుకున్న షాపులో ఎస్.టి.డి. బూత్ ఫోను బిగించడానికి వస్తారు. బూత్ మంజూరైన మనిషి షాపులో లేకపోతే, వరసలో తర్వాతి వాడికి ఇచ్చేస్తారు. సైదులు బూత్ పోతే, షాపు మెట్ల పక్కన ర్యాంపు కావాలన్న గొడవ దానంతటదే పోతుంది. ఇవాళ విచారణ ఉంది గనుకే అండాలు అర్జెంటు నోటీసు తెప్పించింది.

"అనంతమ్మా! అడుగు. నా ఇంట్ల ఉండి నా మీదనే కేసేస్తదా అని అడుగు!"

ఈసారి అండాలు అత్త కోసం ఆగలేదు. నల్లకోటు చేతి మీద వేసుకుని వరండాలోకి వచ్చేసింది.

"పోలీసులు గుడిసెలోళ్లను కారణం చెప్పకుంట లోపలేస్తే, నేను హైకోర్టుల కేసేసి విడిపించిన. అప్పుడు మీరు కొత్తపేట చౌరస్తాల అందరికీ చాయ్ తాగించిన్రు. మా కోడలు పోలీసోళ్లనే నిలబెట్టిందని. సిమెంటు కంపెనీ మీద మీ కాంప్లెక్సు కేసు పట్టుకుంటే ఊరంతా మిఠాయి పంచిన్రు. ఇప్పుడు ఒక అవిటి పోరగాడు తన షాపులకు తను పోతనంటే, దాని మీద కేసేస్తే మాత్రం మాటలు బందా మామయ్యా?"

నర్సింహ కోపం ఎక్కడికో పోయి, మొహం మీదికి నెమ్మదిగా ఒక చిరునవ్వు వచ్చింది. నాలుగు రోజుల్లో మొదటిసారి కోడలి కళ్లలోకి చూసి నేరుగా అడిగాడు.

"గా సిమెంటు కేసు ఇంకా నడుస్తున్నది గద బిడ్డా?"

"నడుస్తున్నది మామయ్యా."

"నువ్వే గద వకీలు?"

"నేనే."

"మంచిది," అన్నాడు. చేతులు కడుక్కుని, ఇస్త్రీ ధోవతి కట్టుకుని, అందరికంటే ముందు ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

"నాన్న నవ్విండు," అన్నాడు జనార్ధన్ గడ్డం మీద పటిక రుద్దుకుంటూ. "నాకు నచ్చలే."

*

కోర్టుకు పోతున్న అండాలు స్కూటరు దిల్‌సుఖ్‌నగర్‌లోకి వచ్చేసరికి ఎడమ చేతి పక్క కాంప్లెక్సు కనిపించింది. నర్సింహ కాంప్లెక్స్ అని మనిషంత అక్షరాలు. రోడ్డు నుంచి నడుము ఎత్తున పునాది, దాని మీద రెండంతస్తులు. వేసినప్పుడల్లా రోడ్డు ఎత్తు పెరిగి ఇళ్లూ దుకాణాలూ పల్లంలో పడిపోవడం చూసి, పదేళ్లకు సరిపడా ఎత్తు ముందే కట్టించాడాయన. పైకి పోవడానికి తూర్పున ఒకే ఒక్క మెట్ల వరస.

మెట్ల పక్కన ఈశాన్యం మూల చిన్న షాపు సైదులు అద్దెకు తీసుకున్నాడు. బేరం కుదిరింది, తాళంచెవి చేతికొచ్చింది. మెట్ల పక్కన చిన్న ఏటవాలు ర్యాంపు కట్టుకుంటానంటే మొదట నర్సింహ సరేనన్నాడు కూడా. తర్వాత గుంటూరు నుంచి వచ్చిన వాస్తు సిద్ధాంతి చూసి, ఈశాన్యంలో బరువు పెడితే యజమానికి అరిష్టం అన్నాడు. అంతే. ఇటుక కూడా దించనివ్వలేదు.

వికలాంగుల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం ఉంటే అండాలు దాన్నే ఎత్తుకునేది. అప్పటికి అలాంటిది ఇంకా రాలేదు. వెతికి వెతికి, వ్యాపార కేసుల్లో చెయ్యి తిరిగిన బుర్రతో చివరికి కిరాయిదారు హక్కు పట్టుకుంది. తాళంచెవి ఇచ్చినవాడు తాళం దాకా తోవ కూడా ఇచ్చి తీరాలి. తోవ లేని తాళంచెవి ఇనుప ముక్క.

కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద సైదులు చేతులతో తొక్కే మూడు చక్రాల బండి మీద కూర్చుని ఉన్నాడు. నల్గొండ దిక్కు పల్లె నుంచి వచ్చి, బస్టాపు దగ్గర గడియారాలు బాగు చేసుకుంటూ బతుకుతున్న కుర్రాడు. పోలియోతో రెండు కాళ్లూ పోయాయి, నోరు మాత్రం అందుకు రెండింతలు పనిచేస్తుంది.

"ఏందిరా, గింత పొద్దుగాలనే వచ్చినవ్?"

"మలక్‌పేట ఎత్తు ఎక్కుతుంటే ఒక బస్సోడు హారన్ కొట్టిండు వకీలమ్మా. పోటీ అనుకొని తొక్కిన. ఇంతకు మన కోర్టు ఎక్కడ?"

అండాలు తల పైకెత్తి చూసింది. కోర్టు హాలు మొదటి అంతస్తులో ఉంది. మెట్లు తిరుగుతూ పైకి పోతున్నాయి.

సైదులు కూడా చూశాడు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

"మీ మామ కట్టిందేనా గిది గూడ?"

"ఎత్తుకపొమ్మని ఇద్దరు బంట్రోతులను అడగనా?"

"వద్దు," అన్నాడు సైదులు నవ్వు ఆపి. "కాంప్లెక్సుల షాపులోళ్లు గూడ గదే అన్నరు. పొద్దుగాల మేమెత్తుకపోయి కూసోబెడతం, మాపటికి దించుతం, ర్యాంపెందుకు అని. మంచోళ్లే. గని వకీలమ్మా, నడుమ నాకు చాయ్ తాగబుద్ధయితదనుకో, ఒంటికి పోవాలె అనుకో. ఎవరు ఖాళీగున్నరో చూసుకొని నాకు ఒంటికి రావాలెనా? నేనేమన్న గ్యాస్ సిలిండర్‌నా, ఎత్తి పెట్టి పోనీకి?"

అండాలు ఫైలు మీద ఈ మాట రాసుకుంది. చట్టం పుస్తకంలో ఇంత సూటిగా ఎక్కడా లేదు.

*

"ప్రతివాది వకీలు ఎవరు?" అడిగారు జడ్జిగారు.

నర్సింహ లేచి చేతులు జోడించాడు. "నాకు వకీలు ఉన్నరు సార్. గామెనే." వేలు తిన్నగా అండాలు వైపు చూపించాడు.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

"ఆవిడ మీ మీద కేసు వేసిన లాయరు కదండీ?"

"గదే సార్ నా ఫిర్యాదు. గీ కాంప్లెక్సుకు సిమెంటు తెచ్చిన కంపెనీ మీద నా కేసు నడుస్తున్నది. అందుల నా వకీలు గామెనే. బిల్డింగు సంగతులన్నీ గామెకు చెప్పుకున్న. ఇప్పుడు గా బిల్డింగు మీదనే అవతలి దిక్కు నిలబడితే ఎట్ల సార్? నేనెవరికి చెప్పుకోవాలె?"

అండాలుకు చెవులు వేడెక్కాయి. "సర్, ఆ కేసు సిమెంటు నాణ్యత గురించి. ఈ కేసు తోవ గురించి. రెండింటికీ సంబంధం లేదు."

"విషయం వేరేనమ్మా, ఒప్పుకుంటాను. బిల్డింగు ఒక్కటే కదా," అన్నారు జడ్జిగారు, కళ్లజోడు తీసి. "ఒకే ఆస్తి మీద ఒకే లాయరు యజమాని పక్కా, యజమానికి ఎదురుగానూ ఎలా నిలబడతారు? ఆయన చెప్పిందాంట్లో పాయింటుంది. మీ కక్షిదారు ఇంకో లాయర్ని చూసుకోవాలి. అసలు ఆయనేడీ? రాలేదా?"

"కింద ఉన్నాడు సర్. మెట్లు ఎక్కలేడు."

జడ్జిగారు కిటికీలోంచి కిందికి చూశారు. వేపచెట్టు కింద బండి మీది మనిషి చెయ్యెత్తి ఊపుతూ కేకేశాడు.

"హాజరున్న సార్!"

హాలంతా నవ్వింది. జడ్జిగారు నవ్వీనవ్వనట్టు మొహం పెట్టి, భోజనం తర్వాత చూద్దామన్నారు.

మామ పక్కనుంచి పోతూ గొంతు తగ్గించి అన్నాడు. "నువ్వు నేర్పిన విద్యనే బిడ్డా. సిమెంటోళ్ల వకీలును గిట్లనే తప్పించినవు గద."

కోపం రావలసిన చోట అండాలుకు ముచ్చటేసింది. అదే ఎక్కువ బాధగా ఉంది. రేపు సాయంత్రంలోగా కొత్త వకీలు ఎక్కడ దొరుకుతాడు, ఫైలు ఎప్పుడు చదువుతాడు? సిమెంటు కేసు వదిలేసినా లాభం లేదు. విన్న మాటలు వినలేదని అనలేదు కదా.

ఆ ఆలోచనతోనే మెట్లు దిగుతుంటే బంట్రోతు ఎదురొచ్చి, వెనకే దిగుతున్న జడ్జిగారితో చెప్పాడు. "సార్, కింద ఒక పెద్దమ్మ కూసున్నది. గా కాంప్లెక్సు ఓనరు తనే అంటున్నది."

నర్సింహ మెట్టు మీద ఆగిపోయాడు.

*

మెట్ల మొదట్లో, ఆఖరి మెట్టు మీద, అనంతమ్మ కూర్చుని ఉంది. పక్కన టిఫిన్ క్యారియరు. దాన్లోంచి ఒక గిన్నె తీసి అప్పటికే సైదులుకు ఇచ్చినట్టుంది. బండి మీద అతను చిక్కుడుకాయ కూర తింటున్నాడు.

"నువ్వెందుకు వచ్చినవే?" అన్నాడు నర్సింహ.

ఆమె జడ్జిగారిని చూసి లేవబోయి, మోకాలు పట్టుకుని మళ్లీ కూర్చుంది.

"మన్నించాలె సార్. పైకి రావాలెననే వచ్చిన. నాకు గూడ మెట్లు ఎక్కరాదు. గా కాంప్లెక్సు గృహప్రవేశం నాడు ఎక్కిన, మల్ల ఇయ్యాల్టిదాక లోపల అడుగు పెట్టలే. పేరు నాదే గని."

"మీ పేరా?"

"సిద్ధాంతి చెప్పిండు సార్. ఆ జాగ ఈయన పేరుకు అచ్చిరాదు, ఇల్లాలి పేరు మీద పెట్టమని. రిజిస్ట్రేషన్ నా పేరు మీదనే అయ్యింది. బోర్డు మీద ఈయన పేరు."

జడ్జిగారు నర్సింహను చూశారు. నర్సింహ వేపచెట్టును చూశాడు.

అండాలుకు నెత్తి మీద చల్లనీళ్లు పోసినట్టయింది. ఇంకెవరి కేసైనా అయితే మొట్టమొదట రిజిస్ట్రేషన్ కాగితం అడిగేది. మామగారి ఆస్తి కాగితాలు కోడలు అడిగితే, అప్పుడే పంపకాల మీద కన్నేసిందంటారని ఇంట్లో ఏనాడూ నోరెత్తలేదు. ఆ మర్యాద కొద్దీ తప్పు మనిషి మీద కేసు వేసింది.

"ఈ పొద్దంత ఒకటే ఆలోచించిన సార్," అంది అనంతమ్మ. "పొద్దుగాల ఈయన కోడలును నువ్వే గద వకీలు అని అడిగి నవ్వినప్పుడే సమజైంది, కోర్టుల కోడలు నా వకీలు అంటడని. ఉండొచ్చు, ఈయన సిమెంటుకు. నా బిల్డింగుకు నేనెవ్వరినీ వకీలు పెట్టుకోలే. గామె నాకు కోడలే గని వకీలు కాదు. మరి గా పిలగాని కేసు గామె చెప్పొచ్చునా, చెప్పకూడదా?"

జడ్జిగారు ఈసారి నిజంగానే నవ్వేశారు. "చెప్పొచ్చమ్మా. నిక్షేపంగా చెప్పొచ్చు. కాకపోతే..." అండాలు వైపు తిరిగారు. "లాయరుగారూ, ప్రతివాదిని మార్చుకోండి. ఈవిడ ఇక్కడే ఉన్నారు గనుక నోటీసు ఇప్పుడే ఇవ్వండి. రేపు పొద్దున మొదటి కేసు ఇదే. ఇక్కడే, ఈ వరండాలోనే కూర్చుంటాను. మీ కక్షిదారు ఎక్కలేకపోతే కోర్టు దిగుతుంది."

సైదులు గిన్నె ఎత్తి పట్టుకుని ఈల వేయబోయి, జడ్జిగారిని చూసి మింగేశాడు.

అనంతమ్మ నోటీసు అందుకుంది. ఎవరూ అంటించలేదు, ఎవరూ బతిమాలలేదు. నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది.

జడ్జిగారు వెళ్లగానే నర్సింహ ముందుకు ఉరికాడు. "అనంతమ్మా, ర్యాంపుకు ఒప్పుకోకు. ఈశాన్యం బరువైతే అరిష్టం యజమానికంట. ఇప్పుడు యజమాని నువ్వు. నీ మంచికే చెప్తున్న!"

"అత్తమ్మా..." అంటూ అండాలు కూడా అడుగు వేసి, నాలుక కరుచుకుంది. ఎదుటి పక్షంతో కేసు మాట్లాడకూడదు. ఎదుటి పక్షం ఇప్పుడు అత్తగారు.

అనంతమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"కోడలు గెలిస్తే మొగుడు చిన్నబోతడు. మొగుడు గెలిస్తే గా పిలగాడు రోడ్డు మీద పడతడు. పైకెల్లి నా ప్రాణం మీదికి అరిష్టమంట. నాలుగు రోజులు మీ మాటలు మోసిన. ఇయ్యాల నా మాట నేను ఆలోచించుకోవాలె." చెయ్యెత్తి ఆటోను పిలిచింది. "మా తమ్మునింటికి పోతున్న. అల్మాస్‌గూడకు ఎవరూ రావద్దు. నా మాట రేపు జడ్జిగారికే చెప్త."

"మరి రాత్రికి అన్నం?" అన్నాడు నర్సింహ, ఎటుపోయి ఎటొచ్చినా అదే ముందు తోచి.

"ఇద్దరూ చదువుకున్నోళ్లే, కొట్లాడేటోళ్లే. పొయ్యి ముట్టించుడు గూడ కొట్లాడి తేల్చుకోండ్రి."

ఆటో పొగ వదిలి గేటు దాటింది.

సైదులు బండి తొక్కుకుంటూ అండాలు పక్కకొచ్చి ఆగాడు. వేళ్లు నాక్కుంటూ అడిగాడు.

"వకీలమ్మా, ఇప్పుడు మన కేసు పెద్దమ్మ మీదనా?"

"ఆమె మీదనే."

"గెలుస్తమా?"

అండాలు ఆటో పోయిన దిక్కే చూస్తోంది.

"అత్తమ్మ మనసుల ఏమున్నదో తెల్వదు. మామయ్య మీద అయితే గెలుస్తుంటిమి సైదులూ."